శాంపిల్ గదిలో మూడు రాళ్లు

మా వీధి అమ్మాయిలు ఇద్దరు ఈ ఏడు ఖనిజం పరీక్షించే ల్యాబుల్లో పనికి కుదిరారు. చేరే ముందు నా దగ్గరికి వచ్చి, ఆ పని ఎలా ఉంటుందో చెప్పమన్నారు. ఒక పూటంతా చెప్పాను. వాళ్లు వెళ్లిపోయాక, చెప్పవలసినది మాత్రం చెప్పలేదని అనిపించింది. అది నోటితో చెప్పలేను. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై అయిదో ఏట. నా వాక్యాలు పొట్టిగా ఉంటే అదే కారణమనుకోండి.

ఇనుప గనుల ఊరు బచేలిలో ఇరవై ఆరేళ్లు శాంపిల్ గదిలో పనిచేశాను. పెద్ద ల్యాబు కాదు. ఠేకేదార్లు, అంటే కాంట్రాక్టర్లు, తెచ్చిన ఖనిజం చూసి, ఇందులో ఇనుము ఇంత ఉందని కాగితం రాసిచ్చే చిన్న ప్రైవేటు ల్యాబు. ఇప్పుడది లేదు. ఆ రేకుల షెడ్డులో టైర్ల దుకాణం నడుస్తోంది. జీతం ఎప్పుడు పెరిగింది, సెలవులెన్ని అనేవి రాయను. అవి మీకు మొదటి నెలలోనే తెలిసిపోతాయి.

చేతికి నచ్చిన రాయి

మాది బొబ్బిలి పక్క పల్లె. మా ఆయన కిరండూల్ రైలు లైనులో గ్యాంగ్‌మన్. జ్వరం తగిలి వారంలో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలతో ఊరికి తిరిగి వెళ్లడమా, ఇక్కడే ఉండడమా అని నేను తేల్చుకోలేకపోతుంటే, పక్క వాటాలో ఉండే మరియమ్మ అప్ప ల్యాబులో మాట చెప్పి నన్ను పెట్టించింది. ఆమెదీ రైల్వే కుటుంబమే. చర్చిలో వాక్యం చదివే మనిషి. తెలుగు బాగా వచ్చు, అంకెలు వచ్చు, హిందీ కూడబలుక్కుని చదివేది. మా గదిలో అక్షరం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఏ ఖనిజం ఎవరిదో రాసి ఉండే ట్యాగులు చదవడం, కట్టడం ఆమె పని.

పని చెప్తాను. గోనెల్లో వచ్చిన ఖనిజాన్ని నేల మీద గుమ్మరించి, పారతో కలిపి, వడ్ల కుప్పలా పోస్తాం. దాన్ని పైనుంచి నొక్కి రొట్టెలా పరిచి నాలుగు భాగాలు చేస్తాం. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుతాం, మిగిలిన రెండూ తీసేస్తాం. మళ్లీ కలపడం, మళ్లీ నాలుగు చెయ్యడం. ఆఖరికి ఒక ట్రేకు పట్టేంత మిగులుతుంది. దాన్ని ఓవెన్‌లో ఆరబెట్టి, పొడి కొట్టి, పొట్లం కట్టి లోపలికి ఇస్తాం. ఆ పిడికెడు పొడి కొండంత కుప్ప తరఫున మాట్లాడుతుంది. అది అబద్ధమాడితే కుప్పంతా అబద్ధమే.

చేరిన మొదటి వారం ఒక తప్పు చేశాను. కుప్పలో నల్లగా నిగనిగలాడే గట్టి రాయి ఒకటి కనిపిస్తే, పారేసే భాగంలోంచి తీసి ఉంచే భాగంలో వేశాను. మంచి రాయి పోతుందే అని. మా కెమిస్టు తివారీ సాబ్ వెనకనుంచి చూశాడు. బక్కపల్చటి మనిషి, తక్కువ మాటలు. "హాథ్ కో జో అచ్ఛా లగే, వో మత్ ఉఠావో" అన్నాడు. చేతికి నచ్చినది ఎత్తకు అని. ఆ రాయి తీసి బయటికి విసిరి, ఆ కుప్ప మళ్లీ మొదటినుంచి చేయించాడు. ఇరవై ఆరేళ్లలో నాకు ఆయన నేర్పింది ఆ ఒక్క మాటే. అది నాకు పూర్తిగా అర్థం కావడానికి ఇంకొక మనిషి నష్టపోవలసి వచ్చింది.

ఓవెన్ దగ్గర రెండు గంటలు

ట్రేలు ఓవెన్‌లో పెట్టాక రెండు గంటలు చేసేది ఏమీ ఉండదు. గదిలో ముగ్గురం. అప్ప, నేను, ముత్తక్క. ముత్తక్క దోర్ల తెగ మనిషి, కిష్టారం వైపు నుంచి వచ్చింది. మొగుడు బచేలిలో లారీలు లోడు చేసేవాడు. నాకంటే పదేళ్లు చిన్నదైనా అందరూ ముత్తక్క అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆమెది రోజు కూలీ. మా ఇద్దరిదీ నెల జీతం. ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

ఆ రెండు గంటలూ అప్ప పుస్తకం చదివేది. కిరండూల్‌లో తెలుగువాళ్లు కూడే గదిలో ఒక పాత బీరువా ఉండేది. అక్కడినుంచి ఒకసారికి మూడు పుస్తకాలు సంచిలో వేసుకొచ్చేది. మొదట్లో ఏది పైన ఉంటే అది చదివేది. ఒకసారి సగం అయ్యేసరికి ముగ్గురికీ విసుగొచ్చింది, అయినా మొదలుపెట్టాం కాబట్టి వదలలేక నెలరోజులు ఈడ్చాం. అప్పుడు ముత్తక్కే అంది, ఖనిజం కుప్పనయితే ముందు శాంపిల్ తీసి చూస్తాం గదా, పుస్తకాన్ని ఎందుకు చూడం అని.

ఆ రోజునుంచి అదే పద్ధతి. అప్ప పుస్తకాన్ని మూడు చోట్ల విప్పి ఒక్కొక్క పేజీ చదువుతుంది. మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, ముప్పావు వంతు దాటాక ఒకటి. చివరి పేజీ ముట్టకూడదు, అది ముత్తక్క పెట్టిన షరతు. కళ్లు మూసుకుని వేలు పెట్టాలి తప్ప బాగున్న పేజీ ఏరకూడదు, అది నా షరతు. విన్నాక ముగ్గురం ఒక ఖాళీ ట్రేలో వేస్తాం. నచ్చితే గట్టి రాయి. నచ్చకపోతే చిటికెడు బ్లూ డస్ట్, అంటే చేత్తో నలిపితే రాలిపోయే ఆ నీలి పొడి. మూడు రాళ్లు పడితేనే ఆ పుస్తకం చదువుతాం. ఒక్క చిటికెడు పడినా అది బీరువాకు తిరిగిపోవలసిందే.

మూడు రాళ్లు పడటం తేలిక కాదు. అప్పకు నీతి కావాలి. నాకు ఏడుపు కావాలి. ముత్తక్క లెక్క వేరు. ఒక పెద్దింటి కథలో మూడు పేజీలూ విని, పొడి చిటికెడు వేసి, "ఏంది అప్పా, ఈ పుస్తకంల ఎవరు పని చెయ్యరా? పొద్దందాక కుర్చీలల్ల కూసుంటరు" అంది. అప్పకు కోపం వచ్చింది. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ తర్వాత ఏ పుస్తకం విన్నా, ఇందులో మనుషులు ఏం పని చేస్తారని నేనూ చూడటం మొదలుపెట్టాను. పుస్తకాన్ని అంచనా కట్టడానికి అంతకంటే మంచి ప్రశ్న నాకు ఇప్పటికీ దొరకలేదు.

అట్ట లేని పుస్తకం

ఒకసారి బీరువా అడుగునుంచి అట్ట పోయిన నవల ఒకటి వచ్చింది. పేరు తెలియదు, రాసినవారు తెలియదు. ఒక నది మీద పడవ నడిపే ఆడమనిషి కథ. ఆమె ఎప్పుడో చెల్లెలికి ఒక అన్యాయం చేసింది. చెల్లెలు అలిగి రేవు దాటి వెళ్లిపోయింది. ఇక ప్రతిరోజూ ఎవరు పడవ ఎక్కినా ఈమె ముందు ముఖం చూస్తుంది. మూడు చోట్ల విన్నాం, చదివిన మూడు చోట్లా ఆమె తెడ్డు వేస్తూనే ఉంది. ముత్తక్క అందరికంటే ముందు రాయి వేసింది. మూడు రాళ్లు టకటకా పడ్డాయి.

ఆ పుస్తకం నడుస్తుండగానే అప్ప చూపు తగ్గుతోందని కనిపెట్టాను. సంత రోజు జనమంతా పడవ ఎక్కే ఘట్టం మాకు బాగా నచ్చి, మళ్లీ చదవమని అడిగాం. మొదటిసారి చదివినప్పుడు పడవలో ఒక గేదె ఉంది, అది బెదిరి నీళ్లలో దూకుతుంది. రెండోసారి ఆ గేదె లేదు. చేప బుట్టలవాడు కొత్తగా వచ్చాడు. ముత్తక్క ఓవెన్ వైపు తిరిగి ఉండి గమనించలేదు. నేను అప్ప ముఖం చూశాను. ఆమె కళ్లు పేజీ మీదే ఉన్నాయి కానీ వరుసల వెంట కదలడం లేదు.

నేను ఏమీ అనలేదు. ఆ జీతం మీదే ఆమె ఇల్లు నడుస్తోంది. ట్యాగు చదవలేని మనిషిని ఆ సీటులో ఉంచరు. ఇంకొక కారణం కూడా ఉంది, అదీ రాయాలి. ఆమె సీటు పోతే చదివేవాళ్లు ఉండరు. నాకు ఆ రెండు గంటలు కావాలి.

కథలో వాన పట్టింది. నదికి వరద. అవతలి గట్టునుంచి ఎవరో ఆడగొంతు పిలుస్తోంది. పడవ మనిషి తాడు విప్పింది. అక్కడ ఆ రోజు ఆపాం.

ట్యాగులు

మర్నాడు తివారీ సాబ్ సెలవులో ఉన్నాడు. రాయపూర్ వెళ్లాడు. రెండు ట్రేలు పక్కపక్కన ఆరి వచ్చాయి. ఒకటి మేలు రకం, ఒకటి నాసి. ముత్తక్క వాటిని మోసుకొచ్చి బల్ల మీద పెట్టి వెళ్లింది. అప్ప రెండు ట్యాగులనూ ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసి, కట్టింది. అవి తారుమారు అవుతున్నాయని నాకు తెలుసు. చదువు రాకపోయినా తెలుసు. ఎందుకంటే నా గుర్తు కోసం మేలు రకం ట్యాగు దారానికి నేను రెండు ముళ్లు వేసుకుంటాను. ఆ రెండు ముళ్లు నాసి ట్రే మీదికి పోయాయి. అప్పుడే నోరు తెరవవలసింది. అప్ప చిన్నబుచ్చుకుంటుందని, తర్వాత మెల్లగా మారుద్దామని అనుకున్నాను. ఇంతలో బయట లారీ వచ్చింది, గోనెలు దింపుకోవడానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి పొట్లాలు లోపలికి పోయాయి.

రెండు రోజుల తర్వాత గొడవ వచ్చింది. తప్పు కాగితం పట్టుకుని ఒక ఠేకేదారు వచ్చి, ల్యాబు లెక్కలు చూసే మునిషీ మీద అరిచాడు. సాబ్ లేడు కాబట్టి మునిషీయే విచారణ చేశాడు. విచారణ అంటే గుమ్మంలో నిలబడి ముగ్గురినీ చూడటం. ఒకరు చదువుకున్న మనిషి. ఒకరు పాత మనిషి. ఒకరు రోజు కూలీ, దోర్ల మనిషి, అక్షరం రాదు. అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

ముత్తక్క గొంతు పెంచలేదు. "నేను ట్రే మోసిన సాబ్. దారం ముట్టలే" అంది. అని నా వైపు చూసింది. ముళ్ల సంగతి ఆమెకు తెలుసు. నేను వేస్తుంటే పక్కన కూర్చుని చూసిన మనిషే. నేను పార అందుకుని కుప్ప కలపడం మొదలుపెట్టాను. ఆ కుప్ప అంతకుముందే కలిపి ఉంది.

రేపటినుంచి రావద్దన్నాడు మునిషీ. ఆమె గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండా మొగుడితో కలిసి ఊరికి వెళ్లిపోయిందని తెలిసింది.

రెండు రాళ్లు

తర్వాత తొమ్మిది రోజులు పనిచేశాం. పుస్తకం చదవడం కూడా ఆపలేదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా అదే జరిగింది. అప్ప చదివింది, నేను విన్నాను. అవతలి గట్టున పిలిచింది చెల్లెలే. అక్కాచెల్లెళ్లు వరదలో ఒకే పడవలో ఇంటికి వచ్చారు. నేను ఏడ్చాను. కొత్త పుస్తకాలు వచ్చాయి. మూడు చోట్ల చదివాం. ట్రేలో అప్ప రాయి, నా రాయి పడ్డాయి. మూడో రాయి పడే చోటు ఖాళీగా ఉంది.

"అప్పా, ఆ ట్యాగులు మార్చి కట్టింది ముత్తక్క కాదు. నువ్వు" అన్నాను.

ఆమె పుస్తకం మూసింది. "నీకెప్పటినుంచి తెలుసే?"

"గేదె లేని రోజునుంచి నీకు కనబడ్డం లేదని తెలుసు. ముళ్లు మారిన రోజునుంచి ఇది తెలుసు."

ఆమె నన్ను తిట్టలేదు. "నాకు నిజంగా కనపళ్లేదే నర్సీ. నీకు కనబడింది గదా" అంది. అంతే.

మర్నాడు తివారీ సాబ్ సెలవునుంచి వచ్చాడు. నేను వెళ్లేలోపే అప్ప వెళ్లి అంతా చెప్పేసింది. ఆయన నన్ను పిలిచాడు. చూశావా అని అడిగాడు. చూశానన్నాను. అరుస్తాడనుకున్నాను. మొదటి వారంలో అన్న మాటే మళ్లీ అన్నాడు. చేతికి నచ్చింది ఎత్తావు అన్నాడు. ఈసారి విసిరేయడానికి ఆయన చేతిలో రాయి లేదు.

అప్పను పొట్లాలు మడిచే పనిలో పెట్టాడు. ముత్తక్కను పిలిపించమని మునిషీకి చెప్పాడు. అంత దూరం ఎవరు పోతారన్నాడు మునిషీ. నేను పోతానన్నాను.

దంతెవాడ, సుక్మా, కోంటా, బస్సులు మారుతూ పోయి, అక్కడినుంచి జీపులో, మిగిలింది నడిచి, మూడో రోజుకు చేరాను. ముత్తక్క ఇప్పపూలు ఆరబోస్తోంది. నన్ను చూసి నీళ్లిచ్చింది, జావ పోసింది. నేను సాబ్ మాట చెప్పాను. మళ్లీ పనిలోకి రమ్మన్నాను.

"నేను రాను నర్సక్కా" అంది. "మళ్ల ఏదన్న తప్పయితే మళ్ల నన్నే అంటరు. నువ్వు చూసినవు గద. చూసి ఊకున్నవు."

క్షమించమన్నాను. ఆమె ఇప్పపూలు తిరగేస్తూ, "పుస్తకం అయిపోయిందా?" అని అడిగింది. ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. అయిపోయిందన్నాను. ఆమె చెయ్యి ఆగింది. నేను లేకుండనే చదివిన్రా అని అడగలేదు. అడిగితే బాగుండేది. అవతలి గట్టున ఎవరో నేను చెప్తానన్నాను.

"వద్దు. నువ్వు చెప్తే నీ మాటైతది. పుస్తకంల ఉన్నది నాకు కావాలె."

ఖనిజం పొడిలో అక్షరాలు

అందుకే నేర్చుకున్నాను. ఎవరో ఆఫీసరు బడి పెట్టాడనో, నా కూతుళ్లు పోరుపెట్టారనో కాదు.

ట్రేలో మెత్తటి పొడి పరిచి, వేలితో రాసేదాన్ని. అప్పకు నా రాత కనిపించేది కాదు. తన వేలు ఆ గాడిలో పెట్టి తడిమి చూసి, ఇక్కడ తలకట్టు లేదే అనేది. ఆమె వేలు నడిచాక అక్షరం చెరిగిపోయేది, మళ్లీ రాయవలసి వచ్చేది. అందువల్లే నాకు గట్టిగా వచ్చాయేమో. గోళ్లలో ఎర్రపొడి ఇరుక్కుని, అన్నంలో కూడా దాని రుచి తగిలేది. గుణింతాల దగ్గర మూడు నెలలు ఆగిపోయాను. వదిలేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఏడాది దాటాక, అట్ట లేని పుస్తకాన్ని ఒంటరిగా ముందు పెట్టుకుని కూర్చున్నాను.

వరద ఘట్టానికి వచ్చాను. పడవ అవతలి గట్టు చేరింది. అక్కడ ఉన్నది చెల్లెలు కాదు. ఎవరో దారినపోయే మనిషి, చంకలో పిల్ల. పడవ మనిషి ఆమె ముఖం చూసింది, ఎక్కించుకుంది, దాటించింది. చెల్లెలు ఆ పుస్తకంలో ఎక్కడా తిరిగి రాదు. మర్నాడు పొద్దున ఆమె మళ్లీ తాడు విప్పుతుంది. అక్కడితో అయిపోయింది.

నేను తప్పు చదివానేమోనని మూడుసార్లు కూడబలుక్కున్నాను. తర్వాత అప్ప దగ్గరికి పోయి, చెల్లెలు రాదు కదప్పా అన్నాను.

"ఆ రోజుకి నాకు ఒక్క అచ్చరం కూడా కనబడ్డం లేదే. మనిద్దరమే ఉన్నాం గదా గదిలో. చెల్లెలు రావాలనిపించింది" అంది.

బీరువా చూసే ఆయన్ను అడిగి ఆ పుస్తకం నా దగ్గరే ఉంచుకున్నాను. వానలు వెనకబట్టాక మళ్లీ ఆ బస్సులన్నీ ఎక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ముత్తక్కకు ఏది చదవాలి? అప్ప చెప్పిన ముగింపు నాకు కంఠతా వచ్చు. అది చదివితే ఆమె సంతోషిస్తుంది, బహుశా నాతో వస్తుంది కూడా. పేజీలో ఏముందో ఆమెకు తెలియదు. నా చేతికి నచ్చిన రాయి అదే.

ఆమె ఇంటి ముందు, పగటి వెలుతురులో, తాడు విప్పిన చోటినుంచి మొదలుపెట్టాను. నా చదువు నడక కంటే నెమ్మది. ఒక వాక్యం పూర్తయ్యేసరికి ముందు మాట మరిచిపోయేలా ఉంటుంది. ఆమె విసుక్కోలేదు. గట్టున ఉన్నది చెల్లెలు కాదని చదివినప్పుడు తల ఎత్తి నన్ను చూసింది. చివరి వాక్యం దాకా ఉన్నదే చదివాను.

"ఉన్నదే చదివినవా?" అంది.

"ఉన్నదే."

ఆమె లేచి పెరట్లోకి పోయింది. వచ్చి, తెరిచి ఉన్న పుస్తకం మీద ఒక వాగు రాయి పెట్టింది. గుండ్రటిది, గట్టిది.

"పనికి రాను," అంది. "పుస్తకం తెస్తే వింట."

మీకు

అమ్మాయిలూ, ట్యాగు ఎప్పుడూ ఒక్కరే కట్టకండి. కట్టేటప్పుడు ఇంకొకరు చూడాలి, చూసినవాళ్లు అప్పుడే చెప్పాలి. మర్నాటికి ఆ మాట బరువు పెరుగుతుంది, తొమ్మిదో రోజుకు ఎత్తలేరు. కళ్లు మసకేస్తే దాచుకోకండి. అప్పకు విశాఖలో ఆపరేషన్ చేస్తే ఒక కంటికి చూపు వచ్చింది, ముందే వెళ్లి ఉంటే రెండూ వచ్చేవన్నారు. తప్పు జరిగిన రోజు గదిలో అందరికంటే తక్కువ మనిషి ఎవరో చూడండి. అందరి చూపూ ఆ మనిషి మీదికే పోతుంది. మీ చూపు అటు పోనివ్వకండి.

పని మధ్యలో ఖాళీ దొరికితే పుస్తకం చదవండి, పదిమందీ కలిసి ఎంచుకోండి. ఒక్కరికి నచ్చితే సరిపోదు.

నేను కిష్టారానికి తర్వాత మూడుసార్లు వెళ్లాను, మూడు పుస్తకాలతో. తర్వాత ఆ వైపు తుపాకుల గొడవలు మొదలై దారి మూసుకుపోయింది. జీపులు ఆగిపోయాయి. ముత్తక్క వాళ్లు గోదావరి అవతలికి వెళ్లిపోయారని కొందరన్నారు, ఎవరికీ ఖాయంగా తెలియదు. అప్ప కూడా ఇప్పుడు లేదు.

నాలుగో పుస్తకం ముత్తక్క కోసం అప్పుడే తెచ్చి ఉంచాను. మూడు చోట్ల చదివి చూశాను. అందులో మనుషులు పొద్దున్నుంచి పనిచేస్తూనే ఉంటారు. నా రాయి వేశాను. అప్ప ఉండగానే విని తన రాయి వేసింది. ఆ రెండూ మా ఇంట్లో ట్రేలోనే ఉన్నాయి. పుస్తకం మాత్రం నేను ఇంకా మొదలుపెట్టలేదు.